స్వతంత్ర ఇంజినీర్లకు వృత్తి బాధ్యత బీమా: ఎంపికలో గమనించవలసిన విషయాలు

సొంత కార్యాలయం పెట్టుకుని ఇళ్లకు, దుకాణ సముదాయాలకు, కల్యాణ మండపాలకు ప్లాన్లు, డిజైన్లు, అంచనాలు తయారుచేసే ఇంజినీరు మీద, అతని పనిలోని లోపం వలన నష్టపోయామని ఎవరైనా దావా వేసినపుడు, చెల్లించవలసిన పరిహారాన్ని, న్యాయస్థానపు ఖర్చులను భరించే పాలసీని వృత్తి బాధ్యత బీమా అంటారు. బీమా కంపెనీలు, ఏజెంట్లు దీనిని ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ అని వ్యవహరిస్తారు. వైద్యులలో ఈ పాలసీ బాగా ప్రచారంలో ఉన్నది. చిన్న పట్టణాలలో ఒంటరిగా పనిచేసుకునే ఇంజినీర్లు మాత్రం, దీని అవసరాన్ని నోటీసు చేతికి వచ్చిన తరువాత గాని గుర్తించకపోవడం కద్దు.

బళ్లారి, రాయచూరు, కోలారు, హోసూరు, తిరుత్తణి, పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, నాందేడ్, సిరొంచ, యానాం వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో ఇంజినీరింగు చదివి సొంతంగా పనిచేస్తున్నారు. వీరి పని ఒక రాష్ట్రంలో ఆగదు. హోసూరులో కార్యాలయం ఉన్నవారికి కుప్పంలో ఇంటి పని వస్తుంది. పర్లాకిమిడి ఇంజినీరును పాతపట్నం బంధువులు పిలుస్తారు. యానాంలో బోర్డు పెట్టుకున్నవారు కాకినాడ వరకు తిరుగుతారు. అందువలన పాలసీని ఎంచుకునేటపుడు సాధారణంగా చూసుకునే విషయాలతో పాటు, సరిహద్దు ప్రాంతం వారు అదనంగా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

సంతకంతో వచ్చే బాధ్యత

ప్లాన్ మీద, స్ట్రక్చరల్ డ్రాయింగు మీద, భవనం పటిష్ఠంగా ఉన్నదని ఇచ్చే ధ్రువపత్రం మీద ఇంజినీరు చేసే సంతకానికి చట్టపరమైన బాధ్యత ఉన్నది. 1986 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టంలోని సేవల నిర్వచనంలో గృహనిర్మాణాన్ని 1993 సవరణతో చేర్చారు. ఆ చట్టం స్థానంలో 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 చట్టంలోనూ అది సేవగానే కొనసాగుతున్నది. రుసుము తీసుకుని చేసిన పనిలో లోపం ఉన్నదని భావించిన ఇంటి యజమాని, కారణం ఏర్పడిన నాటి నుంచి రెండు సంవత్సరాలలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

2021 డిసెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం జిల్లా కమిషన్ పరిధి 50 లక్షల రూపాయల వరకు. ఈ 50 లక్షలు కోరే పరిహారానికి పెట్టిన హద్దు కాదు, సేవకు చెల్లించిన ప్రతిఫలానికి పెట్టిన హద్దు. 30 వేల రూపాయల రుసుము తీసుకున్న ఇంజినీరుపై 20 లక్షల పరిహారం కోరుతూ యజమాని జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షలకు మించని పక్షంలో ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది న్యాయవాదులకు సంబంధించిన తీర్పు. దానిని చూసి ఇంజినీర్లు నిశ్చింతగా ఉండటానికి లేదు.

స్థిరాస్తి నియంత్రణ చట్టం 2016లో వచ్చింది. దాని ప్రకారం ఫ్లాటు అప్పగించిన నాటి నుంచి ఐదు సంవత్సరాలలోగా నిర్మాణ లోపం బయటపడితే ప్రమోటరు తన ఖర్చుతో సరిచేయాలి. కొనుగోలుదారు ప్రమోటరును పట్టుకుంటాడు. ఆ ఖర్చును డిజైన్ చేసిన ఇంజినీరు నుంచి రాబట్టుకోవాలని ప్రమోటరు చూస్తాడు.

ఇక క్రిమినల్ బాధ్యత వేరు. నిర్లక్ష్యం వలన ప్రాణం పోతే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం ఐదు సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు. పాత శిక్షాస్మృతిలోని 304ఎ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష రెండు సంవత్సరాలే. శిక్షను గాని, జరిమానాను గాని ఏ బీమా పాలసీ భరించదు.

2014 జూన్ 28న చెన్నై శివారులోని మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. మృతులలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వెళ్లినవారు అనేకులు. నిర్మాతలతో పాటు ఇంజినీర్లను కూడా పోలీసులు అరెస్టు చేశారు. పక్కనే ఉన్న రెండవ భవనాన్ని 2016 నవంబరు 2న కూల్చివేశారు. అంత పెద్ద దుర్ఘటనలు అరుదు. చిన్న ఇంజినీరుకు ఎదురయ్యే తగాదాలు సాధారణంగా గోడ పగులు, స్లాబు కారడం, పునాది కుంగడం, అంచనా తప్పడం వంటివి. బళ్లారి, రాయచూరు, నాందేడ్ ప్రాంతాలలో విస్తరించి ఉన్న నల్లరేగడి వేసవిలో కుంచించి నెర్రెలు బారుతుంది, వానకు ఉబ్బుతుంది. మట్టి పరీక్ష చేయించకుండా మామూలు పునాది చూపిన డ్రాయింగు అటువంటి నేలలో ఒకటి రెండు వర్షాకాలాలకే తగాదాకు కారణం కావచ్చు.

ఒంటరిగా పనిచేసే ఇంజినీరుకు వృత్తి ఆస్తి, ఇంటి ఆస్తి అన్న తేడా చట్టంలో లేదు. తీర్పు వచ్చిన తరువాత పరిహారం చెల్లించకపోతే అతని పేరున ఉన్న పొలం, స్థలం, పూర్వీకుల ఆస్తిలో అతని వాటా జప్తుకు లోనవుతాయి. తీర్పు తరువాత అతడు మరణించినా, అతడు విడిచి వెళ్లిన ఆస్తి మేరకు ఆ బాకీ వారసులను వెంటాడుతుంది. నలుగురు కలిసి ఎల్‌ఎల్‌పీ సంస్థగా ఏర్పడితే ఈ బెడద ఉండదని కొందరు భావిస్తారు. 2008 నాటి ఎల్‌ఎల్‌పీ చట్టం ప్రకారం ఇతర భాగస్వాముల తప్పుకు రక్షణ లభిస్తుందే గాని, స్వయంగా చేసిన తప్పుకు భాగస్వామి వ్యక్తిగత బాధ్యత పోదు. కనుక ఈ బీమా ఇంజినీరు ఒక్కడి విషయం కాదు, అతని కుటుంబమంతటికీ సంబంధించినది.

పాలసీ దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు

వృత్తిపరమైన పనిలో నిర్లక్ష్యం, పొరపాటు, విస్మరణ వలన మూడవ వ్యక్తికి కలిగిన నష్టానికి చట్టరీత్యా చెల్లించవలసిన పరిహారం, కంపెనీ అనుమతితో చేసిన న్యాయవాది ఖర్చులు ఈ పాలసీ పరిధిలోనికి వస్తాయి. ఆరోపణ చివరకు నిలవకపోయినా రక్షణ ఖర్చు లభించడం దీని ముఖ్య ప్రయోజనం. చిన్న కేసులలో పరిహారం కంటె ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగే ఖర్చే ఎక్కువ కావచ్చు.

ఉద్దేశపూర్వకంగా చేసిన తప్పు, నేరం, జరిమానాలు, మత్తులో చేసిన పని, పాలసీ తీసుకునే నాటికే తెలిసి ఉన్న తగాదా, కాలుష్యం, సొంత ఆస్తి నష్టం, సొంత సిబ్బందికి గాయాలు సాధారణంగా దీనికి వెలుపల ఉంటాయి. లైసెన్సు అవసరమైన పనిని లైసెన్సు లేకుండా చేయడం కూడా అటువంటిదే.

ఒప్పందంలో అదనంగా ఇచ్చిన హామీలు కూడా పాలసీకి వెలుపలే ఉంటాయి. వృత్తి నిపుణుడు ఫలితానికి పూచీ ఇవ్వడని, తనకు తగిన నైపుణ్యం ఉన్నదని, దానిని తగిన శ్రద్ధతో వినియోగిస్తానని మాత్రమే మాట ఇస్తాడని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో వివరించింది. అది ఒక వైద్యుని కేసు అయినా, చెప్పిన సూత్రం ఇతర వృత్తులకూ వర్తిస్తుంది. యజమాని తృప్తి కొరకు ఇంజినీరు "50 సంవత్సరాల వరకు గోడకు బీట పడదు" అని కాగితం మీద రాసి ఇస్తే, ఆ పూచీ అతని సొంతమవుతుంది గాని కంపెనీది కాదు.

పేరు చూసి పొరబడే పాలసీలు మరికొన్ని ఉన్నాయి. కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ నిర్మాణంలో ఉన్న పనికి రక్షణ. డిజైన్ లోపం వలన కలిగే నష్టానికి అందులో మినహాయింపులు ఉంటాయి. కార్మికుల గాయాలకు, మరణానికి వేరే పాలసీ ఉన్నది. పబ్లిక్ లయబిలిటీ పాలసీ కార్యాలయానికి వచ్చినవారికి జరిగే ప్రమాదాల వంటి వాటికి ఉద్దేశించినది. డ్రాయింగు తప్పుకు వర్తించేది వృత్తి బాధ్యత పాలసీ ఒక్కటే. డిజైన్‌తో పాటు కాంట్రాక్టు కూడా చేసే ఇంజినీరుకు రెండు రకాల పాలసీలు అవసరమవుతాయి.

పని జరిగిన ఏడు, క్లెయిము వచ్చిన ఏడు

ఈ పాలసీలో అందరూ పొరబడే అంశం ఇదే. అగ్ని బీమాలో ప్రమాదం జరిగిన నాడు పాలసీ ఉంటే చాలును. వృత్తి బాధ్యత బీమాలో క్లెయిము వచ్చిన నాడు పాలసీ అమలులో ఉండాలి. దీనితో పాటు, తగాదాకు మూలమైన పని పాలసీలో రాసిన రెట్రోయాక్టివ్ తేదీ తరువాత జరిగినదై ఉండాలి. ఆ తేదీకి ముందు చేసిన పనుల జోలికి కంపెనీ రాదు. సాధారణంగా మొదటి పాలసీ మొదలైన రోజే రెట్రోయాక్టివ్ తేదీ అవుతుంది. విరామం లేకుండా రెన్యూవల్ చేసుకుంటూ పోతే ఆ తేదీ మారదు.

దీనిని ముగ్గురు ఇంజినీర్ల ఉదాహరణతో చూడవచ్చు. ముగ్గురూ 2021లో ఒక్కొక్క ఇంటికి డిజైన్ చేశారు. మూడు ఇళ్లలోనూ పునాది కుంగి, 2025లో ముగ్గురికీ నోటీసులు వచ్చాయి.

మొదటి ఇంజినీరు 2020 నుంచి ఏటా పాలసీ కొనసాగిస్తున్నాడు. అతని క్లెయిము 2025 నాటి పాలసీ కింద పరిశీలనకు వస్తుంది. రెండవవాడు 2020లో పాలసీ తీసుకుని, క్లెయిములేవీ రాలేదు గదా అని 2023లో మానివేశాడు. పని జరిగిన 2021లో పాలసీ ఉన్నప్పటికీ నోటీసు వచ్చిన 2025లో లేదు గనుక అతనికి రక్షణ లేదు. కట్టిన మూడేళ్ల ప్రీమియం అతనిని ఆదుకోదు. మూడవవాడు 2023లో మొదటిసారి పాలసీ తీసుకున్నాడు. నోటీసు వచ్చిన నాడు పాలసీ ఉన్నది గాని, 2021 నాటి పని రెట్రోయాక్టివ్ తేదీకి ముందుది గనుక అతనికీ రక్షణ లేదు.

కాబట్టి తక్కువ ప్రీమియం కంటె ఎడతెగని రెన్యూవల్ ముఖ్యం. 1938 నాటి బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందనిదే కంపెనీ బాధ్యత మొదలు కాదు. గడువు ముగిసిన వారానికి డబ్బు కడితే అది కొత్త పాలసీగా మారి, ఎన్నో ఏళ్ల నాటి రెట్రోయాక్టివ్ తేదీ చెరిగిపోయే ప్రమాదం ఉన్నది. కంపెనీ మారదలచినవారు పాత రెట్రోయాక్టివ్ తేదీని కొత్త పాలసీ షెడ్యూలులో అక్షరాలా రాయించుకోవాలి. ఏజెంటు నోటిమాట చాలదు.

పాలసీ ముగిసిన తరువాత కూడా, అది అమలులో ఉన్న కాలంలో జరిగిన దానికి సంబంధించిన క్లెయిమును తెలియజేయడానికి అనేక పాలసీలు 90 రోజుల వరకు గడువు ఇస్తాయి. ఆ మధ్యలో మరొక పాలసీ తీసుకుని ఉండకూడదన్న షరతు ఉంటుంది. గోడకు అనుమానాస్పదమైన పగులు కనిపించడం వంటి, క్లెయిముకు దారితీయగల సంఘటనను పాలసీ కాలంలోనే కంపెనీకి రాసి తెలిపి, కంపెనీ దానిని స్వీకరిస్తే, తరువాత వచ్చే క్లెయిమును ఆ పాలసీ కిందనే పరిగణించే నిబంధన కూడా ఉంటుంది. ఈ రెండు నిబంధనలు పాలసీలో ఉన్నాయో లేవో కొనే ముందే చూసుకోవాలి.

వృత్తి మానివేసిన వారికి, ఉద్యోగంలో చేరినవారికి ఇదే చిక్కు. పని ఆగినా పాత పనుల బాధ్యత ఆగదు. స్థిరాస్తి చట్టంలోని ఐదేళ్ల గడువును దృష్టిలో ఉంచుకుని, చివరి ముఖ్యమైన పని పూర్తయిన తరువాత కనీసం ఐదేళ్లు పాలసీ కొనసాగించడం మంచిది. ఇంజినీరు మరణించిన పక్షంలో అతని వారసులపై వచ్చే క్లెయిములకు పాలసీ వర్తిస్తుందా అన్నది కూడా ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పాలసీ కాగితాలు ఎక్కడ ఉన్నాయో ఇంట్లో మరొకరికి తెలిసి ఉండాలి.

ఎంత మొత్తానికి తీసుకోవాలి

పాలసీలో రెండు పరిమితులు ఉంటాయి. ఒకటి ఒక్కొక్క సంఘటనకు, రెండవది సంవత్సరం మొత్తానికి. వీటిని నిష్పత్తిగా చెబుతారు. సంఘటనకు 25 లక్షలు, సంవత్సరానికి 50 లక్షలు అయితే అది 1:2 నిష్పత్తి. 1:1 నిష్పత్తికి ప్రీమియం తగ్గుతుంది గాని, ఒకే ఏడాది రెండు పెద్ద క్లెయిములు వస్తే రెండవదానికి మిగిలేది స్వల్పం.

ప్రతి క్లెయిములోనూ మొదట కొంత మొత్తాన్ని ఇంజినీరు సొంతంగా భరించాలి. దీనిని ఎక్సెస్ అంటారు. న్యాయవాది ఖర్చులు పరిమితికి లోబడి ఉంటాయా, దానికి అదనమా అన్నది మరొక ముఖ్యమైన ప్రశ్న. సాధారణంగా లోబడి ఉంటాయి. పరిమితి 25 లక్షలు, ఎక్సెస్ 50 వేలు, తీర్పులో పరిహారం 24 లక్షలు, కోర్టు ఖర్చు 3 లక్షలు అనుకుంటే మొత్తం 27 లక్షలు. కంపెనీ 25 లక్షలు చెల్లిస్తుంది. ఎక్సెస్‌తో కలిపి 2 లక్షలు ఇంజినీరు చేతి నుంచి పోతాయి.

పరిమితిని తీసుకునే రుసుమును బట్టి కాక, చేసే పనులలో అన్నిటికంటె పెద్ద భవనం విలువను, అందులో ఉండే జనసంఖ్యను బట్టి నిర్ణయించుకోవాలి. రెండు పడకగదుల ఇళ్లకు మాత్రమే ప్లాన్లు గీసేవారికి సరిపోయే మొత్తం, పాఠశాలకు గాని కల్యాణ మండపానికి గాని పటిష్ఠత ధ్రువపత్రం ఇచ్చేవారికి చాలదు. ధ్రువపత్రానికి వచ్చే రుసుము చిన్నదే. అయినా ఒక్క సంతకంతో వందల మంది భద్రతకు పూచీ పడినట్లవుతుంది. బ్యాంకుల కొరకు ఆస్తుల విలువ కట్టేవారు ఆ పని కూడా పాలసీలో ప్రస్తావింపబడినదో లేదో చూసుకోవాలి.

పరిమితి, నిష్పత్తి, వార్షిక రుసుముల ఆదాయం, పనుల స్వభావం, సిబ్బంది సంఖ్య, గతంలో వచ్చిన క్లెయిములు, రెట్రోయాక్టివ్ కాలం అనే వాటిని బట్టి ప్రీమియం మారుతుంది. దానికి 18 శాతం జీఎస్టీ అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి లభిస్తున్న జీఎస్టీ మినహాయింపు వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకే గాని దీనికి కాదు. ముంబయి కేంద్రంగా న్యూ ఇండియా, చెన్నై కేంద్రంగా యునైటెడ్ ఇండియా, కోల్‌కతా కేంద్రంగా నేషనల్, ఢిల్లీ కేంద్రంగా ఓరియంటల్ అనే నాలుగు ప్రభుత్వ రంగ సాధారణ బీమా కంపెనీలు ఉన్నాయి. ప్రైవేటు కంపెనీలు కూడా ఈ రంగంలో ఉన్నాయి. కనీసం మూడు కంపెనీల నుంచి పూర్తి నిబంధనల ప్రతిని తెప్పించుకుని పోల్చి చూడటం మేలు.

సరిహద్దు దాటిన పనులు

సాధారణ బీమా కంపెనీలు దేశమంతటా వ్యాపారం చేస్తాయి. కర్ణాటకలో కొన్న పాలసీ ఆంధ్రప్రదేశ్‌లో చేసిన పనికి చెల్లదన్నది అపోహ. అయితే పాలసీ షెడ్యూలులో ప్రాంతం అన్నచోట భారతదేశం అని ఉన్నదో లేదో చూసుకోవాలి.

అసలు చిక్కు లైసెన్సుతో వస్తుంది. పురపాలక సంఘాలు, పట్టణాభివృద్ధి సంస్థలు తమ పరిధిలో ప్లాన్లు సమర్పించడానికి లైసెన్సులు ఇస్తాయి. ఒకచోట పొందిన లైసెన్సు సరిహద్దు అవతల చెల్లకపోవచ్చు. అటువంటి చోట స్థానిక ఇంజినీరు సంతకంతో ప్లాన్ సమర్పించి, డిజైన్ మాత్రం ఇవతలి ఇంజినీరు చేయడం జరుగుతుంటుంది. తగాదా వచ్చిన నాడు లైసెన్సు లేని పని అన్న కారణం చూపి కంపెనీ క్లెయిమును తిరస్కరించే అవకాశం ఉన్నది. ఎవరు ఏ పని చేశారన్నది రాతలో ఉండాలి. లైసెన్సు గడువు తీరకుండా చూసుకోవాలి.

2019 చట్టం ప్రకారం వినియోగదారుడు తాను నివసించే చోటనే, లేదా ఉద్యోగం చేసే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. హోసూరు ఇంజినీరు కుప్పంలోని ఇంటికి డిజైన్ చేసి ఇస్తే, కేసు చిత్తూరు జిల్లాలో నడవవచ్చు. యజమాని హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఉంటే కేసు అక్కడ కూడా పడవచ్చు. ఇంజినీరు ప్రతి వాయిదాకు రాష్ట్రం దాటి ప్రయాణం చేయాలి. రక్షణ ఖర్చుల నిబంధన సరిహద్దు ఇంజినీరుకు మరింత ముఖ్యం కావడానికి ఇది కారణం.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న కుమారుడు స్వగ్రామంలో తల్లిదండ్రుల కొరకు ఇల్లు కట్టించడం నేడు సాధారణం. ఇల్లు ఇక్కడే ఉన్నా, అతడు విదేశీ న్యాయస్థానంలో దావా వేస్తే, భారతీయ న్యాయస్థానాలకే పరిమితమైన పాలసీ పనికిరాదు. వివాదాలు ఇక్కడి న్యాయస్థానాలలోనే పరిష్కరించుకోవాలన్న షరతును ఒప్పందంలో రాసుకోవడం మంచిది. బంధువులకు రుసుము లేకుండా గీసి ఇచ్చే ప్లాన్లు పాలసీ పరిధిలోనికి వస్తాయో లేదో కూడా కంపెనీని అడిగి తెలుసుకోవాలి. రుసుము తీసుకోలేదన్న కారణంతో సివిల్ బాధ్యత పూర్తిగా తొలగిపోదు.

ప్రతిపాదన పత్రం

పాలసీకి పునాది ప్రతిపాదన పత్రమే. విద్యార్హతలు, అనుభవం, ఏటా వచ్చే రుసుములు, చేసే పనుల రకాలు, సిబ్బంది, గతంలో వచ్చిన నోటీసులు, ఇతర కంపెనీలు తిరస్కరించిన సందర్భాలు అందులో అడుగుతారు. ప్రీమియం తగ్గుతుందని ఆదాయం తగ్గించి రాయడం, మూడంతస్తుల పనులు చేస్తూ ఒక అంతస్తు ఇళ్లే అని చెప్పడం, పాత నోటీసును దాచడం క్లెయిము నాడు ఎదురు తిరుగుతాయి. పత్రాన్ని ఏజెంటు నింపినా సంతకం చేసినవారిదే బాధ్యత. నింపిన పత్రం ప్రతిని పాలసీతో కలిపి భద్రపరచాలి.

పంచాయితీ పిలిచినపుడు

గ్రామాలలో గోడ పగిలితే మొదట కోర్టు నోటీసు రాదు. పెద్దమనుషులు ఇరుపక్షాలను కూర్చోబెడతారు. ఊరిలో మాట పోకూడదని, కేసుల దాకా వెళ్లవద్దని, ఇంజినీరు తప్పు తనదేనని అంగీకరించి సగం ఖర్చు ఇస్తానని కాగితం రాసి ఇవ్వడం తరచుగా జరుగుతుంది. ఇది మర్యాద గల మార్గమే. కాని కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా బాధ్యతను అంగీకరించరాదని, రాజీ పడరాదని, డబ్బు చెల్లించరాదని ఈ పాలసీలలో షరతు ఉంటుంది. ఆ ఒక్క కాగితంతో ఏళ్ల తరబడి ప్రీమియం కట్టిన పాలసీ నిరుపయోగం కావచ్చు.

అటువంటి సమయంలో పెద్దల మాటను గౌరవిస్తూనే, విషయాన్ని పరిశీలించి బీమా కంపెనీకి తెలియజేసి జవాబు చెబుతానని మాత్రమే అనాలి. అదే రోజు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. ప్రాణాపాయం ఉన్నదనిపిస్తే ఇల్లు ఖాళీ చేయమని చెప్పడానికి, తాత్కాలికంగా సపోర్టులు పెట్టించమని సలహా ఇవ్వడానికి వెనుకాడరాదు. అది భద్రత కొరకు చేసే పని, తప్పు ఒప్పుకోవడం కాదు. ఫొటోలు తీసి, తేదీ వేసి ఉంచుకోవాలి. న్యాయవాది నోటీసు వస్తే కంపెనీకి చూపకుండా సొంతంగా జవాబు ఇవ్వకూడదు. రాజీయే మేలని తోస్తే, కంపెనీ అనుమతితో అదే పెద్దల ఎదుట రాజీ కుదుర్చుకోవచ్చు.

డ్రాయింగులు, మట్టి పరీక్ష నివేదికలు, లెక్కలు, పని స్థలం చూసిన తేదీలు, మేస్త్రీకి ఇచ్చిన సూచనలు భద్రంగా ఉంటే రక్షణ సగం సిద్ధమైనట్లే. యజమాని ఖర్చు తగ్గించమని ఇనుము తగ్గించినపుడు, ప్లాన్‌లో లేని అంతస్తు వేసినపుడు, ఆ పనికి తాను అంగీకరించలేదని ఇంజినీరు వెంటనే రాసి పంపాలి.

ఇల్లు కట్టించుకునేవారికి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దల మాట ఊరికే పుట్టలేదు. జీవితకాలపు పొదుపును ఇంటిలో పెట్టే కుటుంబం, ఇంజినీరుకు పాలసీ ఉన్నదా అని అడగడం అవమానించడం కాదు. నష్టం జరిగిన నాడు పరిహారం చెల్లించే స్థోమత ఇంజినీరుకు లేకపోతే గెలిచిన తీర్పు కాగితానికే పరిమితమవుతుంది. అయితే పాలసీ ఇంజినీరుకు, కంపెనీకి మధ్య ఒప్పందం. యజమాని నేరుగా కంపెనీని డబ్బు అడగలేడు. ఇంజినీరు నిర్లక్ష్యం రుజువు కావాలి. మేస్త్రీ పనితనం లోపాలకు, నాసిరకం సిమెంటుకు ఈ పాలసీ జవాబుదారీ కాదు.

కంపెనీతో వివాదం వస్తే

క్లెయిము తిరస్కరణకు గురైతే మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. హైదరాబాదు కేంద్రంగా గల బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్వహించే బీమా భరోసా వ్యవస్థలో, లేదా 155255 నంబరుకు ఫోను చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఒక సంవత్సరంలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వ్యక్తులతో పాటు సొంత యాజమాన్య సంస్థలకు, సూక్ష్మ సంస్థలకు ఇచ్చిన పాలసీల ఫిర్యాదులను కూడా అంబుడ్స్‌మన్ స్వీకరిస్తారు. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. 2023 సవరణ ప్రకారం 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉన్నది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు యానాం కూడా హైదరాబాదు కార్యాలయం కిందికి వస్తుంది. కర్ణాటకకు బెంగళూరు, తమిళనాడుకు చెన్నై, ఒడిశాకు భువనేశ్వర్, నాందేడ్, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాలకు పుణె కార్యాలయాలు ఉన్నాయి. ఫిర్యాదుదారుని నివాసం ఉన్న పరిధిలో గాని, సంబంధిత కంపెనీ శాఖ ఉన్న పరిధిలో గాని ఫిర్యాదు చేయవచ్చు. ఒక రాష్ట్రంలో నివసిస్తూ పక్క రాష్ట్రంలోని శాఖ వద్ద పాలసీ తీసుకున్నవారికి ఇది సౌకర్యం.

సంతకానికి ముందు అడగవలసిన ప్రశ్నలు

1. రెట్రోయాక్టివ్ తేదీ ఏది? షెడ్యూలులో రాశారా?
2. సంఘటనకు, సంవత్సరానికి పరిమితులు ఎంతెంత?
3. న్యాయవాది ఖర్చులు పరిమితికి లోబడి ఉంటాయా, అదనమా?
4. ఎక్సెస్ ఎంత?
5. చేసే పనులన్నీ, అనగా డిజైన్, పర్యవేక్షణ, విలువ కట్టడం, ధ్రువపత్రాలు, పాలసీలో ఉన్నాయా?
6. ఇతర రాష్ట్రాలలోని పనులకు లైసెన్సు విషయంలో షరతులు ఏమిటి?
7. సహాయకులు, డ్రాఫ్ట్స్‌మన్ల పొరపాట్లకు వర్తిస్తుందా?
8. పాలసీ ముగిసిన తరువాత తెలియజేయడానికి గడువు ఎంత?
9. వారసులకు రక్షణ ఉన్నదా?

ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఇచ్చిన కంపెనీ పాలసీని ఎంచుకోవాలి. రెన్యూవల్ తేదీని ఇంటి క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. పాలసీ ఉన్నదన్న ధీమాతో మట్టి పరీక్ష మానుకోరాదు. భవనం కూలితే పోయిన ప్రాణాన్ని ఏ కంపెనీ తిరిగి ఇవ్వలేదు. జాగ్రత్తగా పనిచేసినా పొరపాటు జరిగిన నాడు, కుటుంబం పొలం అమ్ముకోవలసిన అవసరం రాకుండా చూడటమే ఈ బీమా ప్రయోజనం.